ఎలైజాలో రియాక్టివ్, ఐసీటీసీలో నెగటివ్: దాతకు ఏం చెప్పాలి, బ్యాగును ఏం చేయాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. జిల్లా కేంద్రంలోని ఒక రక్తనిధి మెడికల్ ఆఫీసరు గారు అడిగారు. 32 ఏళ్ల రెగ్యులర్ దాత, ఇది పదకొండోసారి ఇవ్వడం. క్యాంపులో ఇచ్చిన రక్తం నాలుగో తరం హెచ్ఐవీ ఎలైజాలో (రక్తనిధిలో చేసే వడపోత పరీక్ష) రియాక్టివ్, అంటే అనుమానం ఉన్నట్టు, వచ్చింది. మళ్లీ పెట్టినా రియాక్టివే. ఐసీటీసీకి (ప్రభుత్వ హెచ్ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం) పంపితే నెగటివ్ అని చెప్పి పంపారు. దాత అడుగుతున్నవి మూడు: నాకు జబ్బు ఉన్నట్టా లేనట్టా, నా రక్తం ఏం చేశారు, మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చు.

ముందు సూటిగా జవాబులు. బ్యాగు పారేయాల్సిందే, ఐసీటీసీ ఏం చెప్పినా సరే. మనిషికి చాలావరకు ఏమీ లేదు, కానీ ఇంకో శాంపిల్ చూడకుండా ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వొద్దు. మళ్లీ రక్తం ఇవ్వడం మాత్రం, మన దేశంలో ఇప్పుడున్న నిబంధనల ప్రకారం, కుదరదు.

ఈ మూడు జవాబులూ ఒకదానితో ఒకటి పొసగనట్టు కనిపిస్తాయి. "జబ్బు లేదంటారు, రక్తం మాత్రం వద్దంటారు, ఇదేం లెక్క?" అని దాత నిలదీసేది ఇక్కడే. ఈ మనిషికి ఇన్‌ఫెక్షన్ ఉందా అన్నది ఒక ప్రశ్న, ఈ రక్తాన్ని ఇంకొకరికి ఎక్కించొచ్చా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి "ఉంది" అని జవాబు చెప్పాలంటే వేర్వేరు పద్ధతుల్లో మూడు పరీక్షలు చేయాలి. రెండోదానికి ఒక్క పరీక్ష అనుమానం చెప్పినా చాలు. నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) పద్ధతిలో రక్తనిధికి స్ట్రాటజీ 1, అంటే ఒకే పరీక్ష, రియాక్టివ్ అయితే డిస్కార్డ్ (పారేయడం). లక్షణాలు లేని మనిషికి ఐసీటీసీలో స్ట్రాటజీ 3, అంటే మూడు పరీక్షల దాకా. రెండు చోట్లా పని సరిగ్గానే జరిగింది. ఎవరి రిపోర్టు నిజం అని అడగడంలోనే తప్పుంది.

ఇన్ని ఫాల్స్ పాజిటివ్‌లు, అంటే జబ్బు లేకున్నా రియాక్టివ్‌లు, ఎందుకు వస్తాయో కాగితం మీద వేసి చూడండి. 10,000 మంది దాతలు, వాళ్లలో నిజంగా హెచ్ఐవీ ఉన్నవాళ్లు 15 మంది అనుకుందాం. కిట్ స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లను లేదని సరిగ్గా చెప్పడం) 99.7 శాతం అనుకుందాం, అది మంచి కిట్టే. ఇన్‌ఫెక్షన్ లేని 9,985 మందిలో 0.3 శాతం, అంటే 30 మంది ఊరికే రియాక్టివ్ వస్తారు. నిజమైన 15, ఊరికే వచ్చిన 30, మొత్తం 45. రియాక్టివ్ వచ్చిన ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏమీ లేదన్నమాట. ఇదే కిట్టును ఎస్‌టీడీ (సుఖవ్యాధుల) క్లినిక్‌లో వాడితే ఈ లెక్క తలకిందులవుతుంది, ఎందుకంటే అక్కడ జబ్బున్నవాళ్ల శాతం ఎక్కువ. ప్రశ్నపత్రం దాటి, కౌన్సెలింగ్ దాటి, పదిసార్లు నెగటివ్ వచ్చిన దాతల్లో జబ్బు అరుదు. అరుదైన చోట ఏ కిట్టు చెప్పిన రియాక్టివ్‌లలోనైనా ఎక్కువ భాగం పొరపాట్లే. ఒక్క రోగినీ వదలకూడదని సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లను పట్టుకునే శక్తి) పెంచి తయారుచేస్తారు కాబట్టి ఆ మూల్యం ఇక్కడ చెల్లిస్తాం.

ఇక ఓడీ (ఎలైజాలో వచ్చిన రంగు గాఢతను చెప్పే అంకె) సంగతి. రిపోర్టులో "రియాక్టివ్" అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేయడం మన దగ్గర మామూలైపోయింది. అంకె రాయండి. శాంపిల్ ఓడీని కటాఫ్‌తో (రియాక్టివ్ అనడానికి గీసిన గీత) భాగిస్తే వచ్చే నిష్పత్తి రాయండి. కటాఫ్ 0.250 ఉన్న ప్లేటులో ఒక శాంపిల్ 0.290 వస్తే నిష్పత్తి 1.16. ఇంకోటి 2.800 వస్తే 11.2. రెండూ రియాక్టివే, రెండు బ్యాగులూ చెత్తబుట్టకే. కానీ దాతతో మాట్లాడేటప్పుడు ఈ రెండూ ఒకటి కావు. నిష్పత్తి 1కి 3కి మధ్య ఉన్నవాటిలో ఎక్కువ భాగం తర్వాత తేలిపోతాయి, 10 దాటితే అంత తేలిగ్గా కొట్టేయలేం. ఒక హెచ్చరిక: కొత్తగా సోకిన ఇన్‌ఫెక్షన్ కూడా మొదటి రోజుల్లో తక్కువ నిష్పత్తితోనే కనబడుతుంది. అందుకే తక్కువ అంకె చూసి ఫాల్స్ అని తీర్పు ఇవ్వకండి. హెచ్‌సీవీకి (హెపటైటిస్ సి వైరస్) ఎలైజా నిష్పత్తి 3.8 దాటితే నిజమయ్యే అవకాశం ఎక్కువ అన్న లెక్క వాడుకలో ఉంది, కానీ అది కొన్ని కిట్లకే సరిపోయే అంకె. కెమిల్యూమినెసెన్స్ (రంగుకు బదులు వెలుగును కొలిచే) యంత్రాలకు గీత వేరే చోట ఉంటుంది, ఒకదానికి 5 అయితే మరొకదానికి 8. ఒక కిట్టు అంకెను ఇంకో కిట్టుకు అతికించకూడదు.

దాతకు ఫోన్ చేసే ముందు ల్యాబులో చూడాల్సినవి చూడండి. ఎక్కువ నష్టం జరిగేది ఈ దశను దాటేయడం వల్లే. ఒక్క రోజు ఆలస్యమైనా ఫర్వాలేదు.

మొదట ప్లేటు (శాంపిళ్లు పోసే వెల్స్, అంటే చిన్న గుంటలు, ఉన్న పళ్లెం) ముందు పెట్టుకుని కూర్చోండి, ప్రింటవుటు మాత్రమే కాదు. రియాక్టివ్ వెల్ ఎక్కడుంది, దాని పక్కన ఏముంది? ఈ-5లో 3.1 వచ్చి, దాని కిందే ఉన్న ఎఫ్-5లో 0.31 వచ్చిందనుకోండి. ఎఫ్-5 దాతను అనుమానించే ముందు పిపెట్టును (శాంపిల్ కొలిచి పోసే సాధనం), వాషర్‌ను (వెల్స్ కడిగే యంత్రం) అనుమానించాలి. పై వెల్‌లోంచి ఒక చుక్క పొంగి కింది వెల్‌లో పడ్డా చాలు. ఒకే వరుసలో రెండు మూడు వెల్స్ కొంచెం కొంచెం పైకి లేస్తే వాషర్ సూది మూసుకుపోయి ఉండొచ్చు. ఆ సూదిలో ఉప్పు గడ్డకట్టడం మామూలే, రోజూ చివర డిస్టిల్డ్ వాటర్ పారించి ప్రైమ్ చేయకుండా వదిలేస్తే మరుసటి ఉదయానికే కడుతుంది. ప్లేటు అంచు వెల్స్ మాత్రమే పైకి వస్తే ఇన్‌క్యుబేటర్‌లో వేడి సమానంగా లేదని, లేదా మూత షీటు సరిగ్గా అంటలేదని అర్థం. వాష్ ఎన్నిసార్లు, ప్రతిసారీ ఎంత, నానబెట్టేది ఎంతసేపు అన్నవి కిట్ ఇన్సర్ట్‌లో (కిట్టుతో వచ్చే సూచనల కాగితం) ఎలా ఉంటే అలాగే. "మా దగ్గర మూడుసార్లు సరిపోతుంది" అనే మాట ఫాల్స్ పాజిటివ్‌లకు పుట్టినిల్లు.

తర్వాత శాంపిల్. సీరం ట్యూబ్ పూర్తిగా గడ్డకట్టకముందే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేస్తే సన్నటి ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే పోగు) తీగ మిగిలిపోతుంది. అది వెల్ అడుగున అంటుకుని, వాష్‌లో పోకుండా కాంజుగేట్‌ను (రంగు పుట్టించే రసాయనం) పట్టుకుంటుంది, రంగు వస్తుంది. క్యాంపు నుంచి ఐస్‌ బాక్సులో వచ్చిన ట్యూబులను హడావిడిగా తిప్పిన రోజు ఇలాంటివి ఎక్కువ. మళ్లీ పెట్టేటప్పుడు సీరాన్ని కొత్త ట్యూబులోకి తీసి తిప్పండి. జెల్ ట్యూబు అయితే అదే ట్యూబును రెండోసారి తిప్పొద్దు. హిమోలైజ్ అయినా (ఎర్రకణాలు పగిలినా), క్యాంపులో బిర్యానీ తిన్నాక తీసినట్టు పాలలా తేలినా అది రిజిస్టరులో రాయాలి.

మళ్లీ పెట్టడం అంటే డూప్లికేట్‌లో, అంటే రెండు వెల్స్‌లో. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త పెద్ద గొడవలు తప్పిస్తుంది. ఒక వెల్‌కు పైలట్ ట్యూబు (పరీక్షకని వేరుగా తీసిన రక్తం) నుంచి, ఇంకో వెల్‌కు బ్యాగు సెగ్మెంటు (బ్యాగు గొట్టంలో సీలు వేసిన ముక్క) నుంచి తీసుకోండి. సెగ్మెంటు బ్యాగుకే అతుక్కుని ఉంటుంది, దాని మీద అచ్చయిన నంబరు బ్యాగు ట్యూబింగ్ నంబరే. ట్యూబు రియాక్టివ్ వచ్చి సెగ్మెంటు రాకపోతే లేబుల్ మారిందేమో చూడాలి. క్యాంపులో రెండు మంచాల మధ్య ట్యూబులు మారడం వినని విషయం కాదు. రెంటికీ బ్లడ్ గ్రూపు కూడా కట్టండి, దాత పాత కార్డులోని గ్రూపుతో పోల్చండి. గ్రూపు కలిసినంత మాత్రాన లేబుల్ సరిగ్గా ఉన్నట్టు కాదు, కలవకపోతే మాత్రం తప్పు ఖాయం. అలా తేలితే ఇంకో మనిషి రియాక్టివ్ రక్తం మంచిదనుకుని ఫ్రిజ్‌లో ఉందన్నమాట. ఆ క్యాంపు బ్యాగులన్నీ అక్కడికక్కడే ఆపేయాలి, ఒక్కటీ ఇష్యూ చేయొద్దు.

డూప్లికేట్ రెండూ నాన్ రియాక్టివ్ వస్తే? చాలా కేంద్రాల్లో మొదటి రియాక్టివ్‌తోనే బ్యాగు పక్కకు పోతుంది. మీ ఎస్‌ఓపీలో (రాసిపెట్టుకున్న పని పద్ధతి) ఏది రాసి ఉంటే అదే, ఏ దాతకైనా ఒకటే. అరుదైన గ్రూపు కాబట్టి, బంధువు కాబట్టి, నెగటివ్ వచ్చేదాకా నాలుగైదుసార్లు పెట్టడం మాత్రం పరీక్ష కాదు, బేరం.

ఇంకో విషయం కూడా చూడాలి, కిట్టు లాటు (ఒకేసారి తయారైన బ్యాచ్). మామూలుగా కొన్ని వందల శాంపిళ్లకు ఒకటో రెండో వచ్చే చోట ఒకే ప్లేటులో ఏడెనిమిది వస్తే అవి దాతల రోగాలు కావు. కంట్రోళ్ల (ఫలితం ముందే తెలిసిన శాంపిళ్ల) గ్రాఫు తీసి చూడండి, కొత్త లాటు ఎప్పుడు తెరిచారో చూడండి, సరఫరాదారుకు రాయండి. ఈలోగా ఆ ఏడెనిమిది మందిలో ఎవరికీ ఫోన్ వెళ్లకూడదు. కిట్టు మార్చిన నెల, లాటు మార్చిన తేదీ, ఆ నెల మొదటిసారి రియాక్టివ్‌ల శాతం, ఈ మూడు కాలమ్‌ల పట్టిక గోడకు అంటించుకుంటే చాలు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ల్యాబు వైపు అంతా సరిగ్గానే ఉండి, మళ్లీ మళ్లీ రియాక్టివే వస్తుంటే కారణం దాత రక్తంలోనే ఉంటుంది, కానీ అది వైరస్ కానక్కర్లేదు. ఈమధ్య వచ్చిన వైరల్ జ్వరం, ఫ్లూ టీకా, రుమటాయిడ్ ఫ్యాక్టర్, లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, మలేరియా, చాలాసార్లు గర్భం దాల్చి ఉండటం, ఇవన్నీ కిట్టులోని యాంటిజెన్‌కు (వైరస్ భాగం) అంటుకునే యాంటీబాడీలను (శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలు) ఇవ్వగలవు. కొందరిలో ఏ కారణమూ దొరకదు. అదే కిట్టుతో ఏళ్ల తరబడి 1.4, 1.6 అలా వస్తూనే ఉంటుంది, ఇంకో కంపెనీ కిట్టు పెడితే శుభ్రంగా నెగటివ్. అంకె పెరగకుండా అక్కడక్కడే తిరగడం ఇలాంటివాళ్ల గుర్తు. నిజమైన ఇన్‌ఫెక్షన్ మొదలైతే రెండు మూడు వారాల్లో అంకె ఎగబాకుతుంది, ఒకచోట నిలవదు.

వైరస్‌ను బట్టి దారి మారుతుంది. హెచ్ఐవీనే తీసుకుంటే, మీ దాత విషయంలో ఒక చిక్కు ఉంది, ఎక్కువమంది దాన్ని పట్టించుకోరు. నాలుగో తరం ఎలైజా యాంటీబాడీతోపాటు పీ24 యాంటిజెన్‌ను (వైరస్ సొంత ప్రొటీన్) కూడా పట్టుకుంటుంది. ఐసీటీసీలోని ర్యాపిడ్ కార్డులు పట్టుకునేది యాంటీబాడీని. పీ24 రక్తంలో యాంటీబాడీ కంటే దాదాపు వారం ముందే కనిపిస్తుంది. అంటే ఆ వారంలో దొరికిన నిజమైన కేసులో కూడా మీ ఎలైజా రియాక్టివ్, వాళ్ల కార్డు నెగటివ్ రావచ్చు. పైగా మొదటి కార్డు నెగటివ్ అయితే ఐసీటీసీ అక్కడితో ఆపి నెగటివ్ ఇస్తుంది, రెండోది మూడోది పెట్టదు. కాబట్టి ఐసీటీసీ చీటీ మీద "రక్తనిధి, నాలుగో తరం ఎలైజా, రిపీట్ రియాక్టివ్, నిష్పత్తి ఇంత" అని కౌన్సిలరుకు అర్థమయ్యేలా రాసి సీలు కవరులో పంపాలి. ఉత్తి "ఫర్ టెస్టింగ్" అని రాస్తే వాళ్లు మామూలుగా తనంతట తాను వచ్చినవారిలాగే చూస్తారు. మూడు కార్డుల్లో తేడాలొచ్చి ఇండిటర్మినేట్ (అటూ ఇటూ తేలనిది) అయితే నాకో పద్ధతి ప్రకారం 14 నుంచి 28 రోజుల్లో మళ్లీ శాంపిల్, అప్పటికీ తేలకపోతే స్టేట్ రిఫరెన్స్ ల్యాబు. మీ దాతకు సూటిగా నెగటివ్ వచ్చినా సరే, నేనైతే అదే గడువుకు ఇంకోసారి రమ్మంటాను. న్యాట్ (వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష) చేసే సౌకర్యం దగ్గర్లో ఉంటే ఆ రోజే చేయించడం ఉత్తమం.

న్యాట్ నెగటివ్ వస్తే సంబరపడే ముందు ఒక ప్రశ్న అడగాలి: ఏవైనా మందులు వాడుతున్నారా? ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందుల చికిత్స) మీద ఉన్న వ్యక్తికి వైరస్ కనబడనంత తగ్గిపోతుంది, ఎలైజా మాత్రం గట్టిగా రియాక్టివ్ వస్తుంది. ప్రెప్ మాత్రలు (హెచ్ఐవీ సోకకుండా ముందే వేసుకునేవి) వాడేవాళ్లలో కొత్త ఇన్‌ఫెక్షన్ వచ్చినా యాంటీబాడీ ఆలస్యంగా, బలహీనంగా వస్తుంది, అచ్చం ఫాల్స్ పాజిటివ్‌లాగే. తలుపు వేసి, ఒంటరిగా, తీర్పు చెప్పే గొంతు లేకుండా అడిగితేనే ఈ జవాబులు వస్తాయి.

హెపటైటిస్ బిలో మొదట అడగాల్సింది టీకా తేదీ. హెపటైటిస్ బి టీకాలో ఉండేదే హెచ్‌బీఎస్ యాంటిజెన్ (వైరస్ పైపొర ప్రొటీన్). టీకా వేయించుకున్న తర్వాత రెండు మూడు వారాల వరకు అది రక్తంలో కనబడొచ్చు, కిట్టు దాన్నే పట్టుకుంటుంది. నర్సింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ క్యాంపుల్లో ఇది తరచూ ఎదురయ్యే సమస్య, మొదటి సంవత్సరం పిల్లలందరికీ అదే నెలలో టీకాలు వేస్తారు కాబట్టి. అందుకే ఈ ప్రశ్న బ్యాగు గుచ్చకముందే అడగాలి. టీకా లేకపోతే న్యూట్రలైజేషన్ పరీక్ష. శాంపిల్‌కు యాంటీ హెచ్‌బీఎస్ (ఆ యాంటిజెన్‌కు అంటుకునే యాంటీబాడీ) కలిపినప్పుడు సంకేతం సగానికి పైగా పడిపోతే అది నిజమైన యాంటిజెన్, పడకపోతే ఫాల్స్. దాంతోపాటు టోటల్ యాంటీ హెచ్‌బీసీ (కోర్ యాంటీబాడీ), హెచ్‌బీవీ డీఎన్ఏ (వైరస్ జన్యుపదార్థం). ఈ రెండూ నెగటివ్, న్యూట్రలైజ్ కాలేదు అంటే దాదాపు తేలినట్టే. యాంటిజెన్ న్యూట్రలైజ్ అయి కోర్ యాంటీబాడీ లేకపోతే అది టీకానో, చాలా కొత్త ఇన్‌ఫెక్షనో. రెండు నెలల తర్వాతి శాంపిల్ చెబుతుంది. మన దేశంలో దాతలకు కోర్ యాంటీబాడీ తప్పనిసరి పరీక్ష కాదు కాబట్టి ఇది రక్తనిధిలో దొరకదు, బయటి ల్యాబుకు పంపాలి.

హెపటైటిస్ సిలో తేడా ఏంటంటే, యాంటీబాడీ నిజమే కావచ్చు, వైరస్ మాత్రం లేకపోవచ్చు. సోకినవాళ్లలో కొందరు మొదటి ఆరు నెలల్లో మందు లేకుండానే వైరస్‌ను వదిలించుకుంటారు, యాంటీబాడీ మిగిలిపోతుంది. కాబట్టి ఆర్‌ఎన్ఏ (ఈ వైరస్ జన్యుపదార్థం) నెగటివ్ వస్తే "జబ్బు ఇప్పుడు లేదు" అని చెప్పొచ్చు, "ఎప్పుడూ రాలేదు" అని చెప్పడానికి ఇంకో కంపెనీ యాంటీబాడీ పరీక్ష కూడా నెగటివ్ రావాలి. ఆర్‌ఎన్ఏ పాజిటివ్ వస్తే అది కూడా బాధపడాల్సినంత వార్త కాదని దాతకు చెప్పండి. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లోని చికిత్సా కేంద్రాల్లో పరీక్షలు, మందులు ఉచితం. లివర్ గట్టిపడని వాళ్లకు సోఫోస్‌బువిర్, డాక్లాటాస్‌విర్ 12 వారాలు, ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది.

న్యాట్ రియాక్టివ్, ఎలైజా నాన్ రియాక్టివ్ అయినప్పుడు తొందరపడి ఫాల్స్ అనొద్దు. విండో పీరియడ్ (సోకినా ఎలైజాలో ఇంకా కనబడని రోజులు) కేసును పట్టుకోవడానికే కదా న్యాట్ పెట్టింది. మినీపూల్ (కొన్ని శాంపిళ్లు కలిపి పెట్టింది) రియాక్టివ్ వచ్చి విడివిడిగా పెడితే ఎవరిలోనూ రాకపోవడం కలుషితం వల్ల జరగొచ్చు. దాగి ఉన్న హెపటైటిస్ బిలో వైరస్ అతి తక్కువగా ఉండి ఒక పిపెట్టులోకి వచ్చి ఇంకో పిపెట్టులోకి రాకపోవడం వల్లా జరగొచ్చు. రెండోదానికి కోర్ యాంటీబాడీ చూడటమే దారి.

ఇప్పుడు దాతతో మాట. మన ఫారంలోనే "పరీక్షల్లో తేడా ఉంటే తెలియజేయమంటారా" అన్న గడి ఉంటుంది, సంతకం ఉంటుంది. అది చూసుకుని ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తింది దాతే అని పేరు, పుట్టిన తేదీ అడిగి నిర్ధారించుకున్నాకే మాట్లాడాలి. భార్య ఎత్తినా, తమ్ముడు ఎత్తినా, హాస్టల్ వార్డెన్ ఎత్తినా "రక్తదానం కార్డు విషయం, ఆయన్ని ఒకసారి మాట్లాడమనండి" అంతే. ఫలితం ఫోన్లో చెప్పొద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. క్యాంపు పెట్టిన క్లబ్బు పెద్దలో, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ ఆఫీసరో "మా పిల్లల్లో ఎవరికైనా ఏమైనా వచ్చిందా సార్" అని మర్యాదగానే అడుగుతారు. ఎంతమందికి అన్న సంఖ్య కూడా చెప్పకూడదు. 2017 హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది, గోప్యత అందులో చట్టపరమైన బాధ్యత.

గదిలోకి వచ్చాక మొదటి రెండు వాక్యాలే అన్నీ. "పాజిటివ్" అన్న మాట నోట్లోంచి వచ్చిందంటే ఆ తర్వాత చెప్పేది ఏదీ వినబడదు. ఇలా చెప్పి చూడండి:

"మీరిచ్చిన రక్తానికి చేసిన ఒక వడపోత పరీక్షలో అనుమానం వచ్చిందండి. ఇది జబ్బు నిర్ధారణ పరీక్ష కాదు. మీలాంటి ఆరోగ్యవంతుల్లో ఇలా వచ్చినవాటిలో చాలా మటుకు తర్వాత ఏమీ లేదని తేలతాయి. కానీ తేల్చుకోవాలి కాబట్టి ఇంకో శాంపిల్ కావాలి. అది తేలేదాకా ఎక్కడా రక్తం ఇవ్వకండి, ఇంట్లో కండోమ్ వాడండి, బ్లేడు, రేజర్ ఎవరితోనూ పంచుకోకండి."

"కంగారు పడకండి" అని మొదలుపెట్టొద్దు, అది వినగానే కంగారు మొదలవుతుంది. ఏ వైరస్ అని అడిగితే పేరు చెప్పండి, దాచిపెడితే నెట్‌లో వెతికి అంతకన్నా చెడ్డది ఊహించుకుంటారు. సాయంత్రం పూట, సెలవు ముందు రోజు పిలవకండి, మరుసటి ఉదయమే ఐసీటీసీ తెరిచి ఉండాలి. వీలైతే మీ కౌన్సిలరే తోడు వెళ్లి అప్పగించాలి. రాత్రిపూట మాట్లాడాలనిపిస్తే నాకో వారి 1097 టోల్‌ఫ్రీ నంబరు రాసివ్వండి.

ఎలైజా ప్రింటవుటు దాత చేతికి ఇవ్వొద్దని నా గట్టి అభిప్రాయం. ఆ కాగితం రెండేళ్ల తర్వాత ఏ పెళ్లి సంబంధం మధ్యలోనో, ఏ ఆస్తి తగాదాలోనో బయటికి వస్తుంది, కింద నెగటివ్ అని వచ్చిన రెండో కాగితం మాత్రం దొరకదు. తుది ఫలితం వచ్చాక రెండూ కలిపి ఒకే ఉత్తరంలో రాసివ్వండి: ఫలానా తేదీన వడపోత పరీక్షలో రియాక్టివ్, ఫలానా తేదీల్లో నిర్ధారణ పరీక్షల్లో నెగటివ్, ఇన్‌ఫెక్షన్ ఆధారాలు లేవు. గల్ఫ్ మెడికల్‌కు వెళ్లే కుర్రాళ్లు ఈ ఉత్తరం పట్టుకెళ్తే పనవుతుందా అని అడుగుతారు. కాదు, అక్కడి మెడికల్ సెంటరు తన పరీక్షనే నమ్ముతుంది. అక్కడా అడ్డం తిరిగితే ఏ పరీక్షలు అడగాలో తెలియడానికి మాత్రం ఉపయోగపడుతుంది.

బ్యాగు వైపు పని తక్కువే కానీ మరచిపోయేది ఇక్కడే. ఆ దానంలోంచి విడదీసిన రెడ్ సెల్స్, ప్లేట్‌లెట్స్, ప్లాస్మా మూడూ ఒకేసారి బయోహజార్డ్ లేబుల్‌తో వేరే తాళం ఉన్న ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. ప్లాస్మా అప్పటికే మైనస్ 30లో గడ్డకట్టి వెనక వరుసలో ఉంటుంది, అదే తప్పిపోయేది. తర్వాత ఆటోక్లేవ్, పసుపు సంచి, ఇద్దరి సంతకాలు. రెగ్యులర్ దాత కాబట్టి పాత దానం కూడా వెతకాలి. మగవాళ్లకు దానాల మధ్య కనీసం 90 రోజులు, కాబట్టి గతసారి రెడ్ సెల్స్ ఎప్పుడో వాడేసి ఉంటారు. ఫ్రెష్ ఫ్రోజెన్ ప్లాస్మా మాత్రం ఏడాది నిల్వ ఉంటుంది, ఇంకా మీ ఫ్రీజర్‌లోనే ఉండొచ్చు. తేలేదాకా దాన్ని పక్కన పెట్టండి. పాత రక్తం ఎక్కించుకున్న రోగిని పిలవడం ఇప్పుడే అక్కర్లేదు, ఇన్‌ఫెక్షన్ నిర్ధారణ అయితేనే. శాంపిల్ మిగిలితే రెండు చిన్న వయల్స్‌లో మైనస్ 20లో ఉంచండి, రిఫరెన్స్ ల్యాబు మొదటి శాంపిల్ అడిగినప్పుడు చేతులెత్తేయకుండా.

చివరి ప్రశ్న, మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చు. జాతీయ రక్తమార్పిడి మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి రియాక్టివ్ దాతలకు శాశ్వత డిఫరల్ (ఇక ఎప్పటికీ రక్తం తీసుకోకపోవడం). ఫాల్స్ అని తేలినవాళ్లను తిరిగి చేర్చుకునే పద్ధతి మనకు లేదు. అమెరికాలో ఉంది. అక్కడ హెచ్ఐవీ ఎలైజా రియాక్టివ్ వచ్చి న్యాట్, నిర్ధారణ పరీక్ష నెగటివ్ అయితే కనీసం 8 వారాలు ఆగి, దానం కాకుండా ఒక్క శాంపిల్ మాత్రమే తీసి, అన్నీ నెగటివ్ అయితే తిరిగి చేర్చుకోవచ్చు. అది కేంద్రం ఇష్టం, తప్పనిసరి కాదు. అక్కడుండే మనవాళ్లకు డిఫరల్ ఉత్తరం వస్తే "రీఎంట్రీ చేస్తారా" అని అదే కేంద్రానికి రాయడంలో తప్పులేదు. మన దగ్గర ఆ దారి లేనప్పుడు దాతకు అబద్ధపు ఆశ చూపొద్దు. "ఆరు నెలలాగి రండి" అని పంపేస్తే ఆయన నిజంగానే వస్తాడు, అదే కిట్టులో మళ్లీ 1.3 వస్తుంది, మొదటి రోజు భయం మళ్లీ మొదలవుతుంది, ఇంకో బ్యాగు వృథా. లేదా పక్క ఊరి రక్తనిధికి వెళ్లి వాళ్లను ఇదే చిక్కులో పడేస్తాడు. "మీరు ఆరోగ్యంగా ఉన్నారు, కానీ మీ రక్తం మా కిట్టుకు సరిపడటం లేదు, అందుకని వాడుకోలేం" అని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. పదకొండుసార్లు ఇచ్చిన మనిషి క్యాంపులో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చుంటే కొత్తవాళ్లకు ధైర్యం, ఆ పని అడిగి చూడండి.

ఇక మీ దాత విషయంలో ఈ వారం చేయాల్సింది. ప్లేటు ప్రింటవుటు తీసి నిష్పత్తి, పక్క వెల్స్ చూడండి. సెగ్మెంటు పెట్టి, గ్రూపు కట్టండి. ఐసీటీసీ కౌన్సిలరుతో మాట్లాడి ఎన్ని కార్డులు పెట్టారో కనుక్కోండి, నాలుగో తరం అని చెప్పండి. దాతను నాలుగు వారాల తర్వాతి తేదీ రాసిచ్చి పిలవండి, ఆ రోజు ఇంకో కంపెనీ నాలుగో తరం కిట్టుతో ఒకటి, మీ కిట్టుతో ఒకటి పెట్టండి. మీ కిట్టులో మళ్లీ అంతే అంకె, రెండో కిట్టులో నెగటివ్, ఐసీటీసీలో నెగటివ్ అయితే రిజిస్టరులో "నాన్ స్పెసిఫిక్ రియాక్టివిటీ, శాశ్వత డిఫరల్, దాతకు తెలిపాం" అని తేదీతో రాసి, ఉత్తరం ఇచ్చి, ఫ్రీజర్‌లో పక్కన పెట్టిన పాత ప్లాస్మా గురించి మీ ఎస్‌ఓపీ ఏం చెబుతుందో చూసుకుని ఫైలు మూయండి. అంకె పెరిగితే మాత్రం ఆ రోజే న్యాట్‌కు పంపండి.